వగరు విరిగేదాకా: ఒక చిన్న కుటుంబం చేసే బరోలో వైన్

ఇటలీ వాయవ్య మూలన, పియెమోంతె ప్రాంతంలో, ఆల్బా పట్నానికి దగ్గర్లో బరోలో అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్లో బార్తొలో మస్కరెల్లో అనే పెద్దాయన చివరి రోజుల్లో చక్రాల కుర్చీలో కూర్చుని, తన వైన్ సీసాల మీద అంటించే కాగితాలకు చేత్తో బొమ్మలు గీసి రంగులు వేసేవారు. వాటిలో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. దాని మీద రాసి ఉన్నది ఇంతే: "నో బారిక్, నో బెర్లుస్కోని".

బెర్లుస్కోని ఎవరో చాలామందికి తెలుసు. టీవీ చానళ్ల అధిపతి, మూడుసార్లు ఇటలీ ప్రధాని అయిన మనిషి. ఆయనంటే గిట్టనివాళ్లు ఆ దేశంలో చాలామందే ఉండేవారు. మరి బారిక్? అది ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన చిన్న పీపా. 225 లీటర్లు పడుతుంది. ఒక రాజకీయ నాయకుడి పక్కన నిలబెట్టి ఒక పీపాను వద్దనేంత పట్టుదల ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే ఒక ద్రాక్ష రకం, ఒక కొండ ప్రాంతపు పేదరికం, తండ్రీకొడుకుల తగాదాలు, కోర్టు కేసులు అన్నీ బయటపడతాయి. "సంప్రదాయ వైన్" అని సీసాల మీద, దుకాణాల్లో తేలిగ్గా వాడేసే మాట వెనక అసలు ఏముందో కూడా తెలుస్తుంది.

ఈ వైన్ నేను మొదటిసారి ఒక స్నేహితుడి ఇంట్లో తాగాను. పదేళ్లు దాటిన సీసా. గ్లాసులో పోయగానే రంగు చూసి నిరాశపడ్డాను. రెడ్ వైన్ అంటే నేరేడు రసంలా చిక్కగా ఉంటుందనుకున్నాను. ఇది పలచగా, గ్లాసు వెనక పెట్టిన వేలు కనిపించేలా ఉంది. అంచుల దగ్గర ఎరుపు కూడా పోయి, వానకు తడిసిన పాత ఇటుక రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం ఎండిన గులాబీ రేకుల వాసన, దాని అడుగున ఎక్కడో కొత్తగా వేసిన రోడ్డు మీది తారు వాసన. గులాబీ, తారు అనే ఈ జోడీని బరోలో గురించి అందరూ చెబుతారు. వినడం వేరు, ముక్కుకు తగలడం వేరు. ఆ తర్వాత ఒక గుక్క మింగితే చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపలి భాగం అన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి.

ఆ బిగువుకు మన భాషలో సిద్ధంగా ఒక మాటుంది. వగరు.

మొత్తం కథకు తాళంచెవి ఈ మాటే. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చేది వగరు. పచ్చి అరటికాయ తరిగేటప్పుడు ముక్క కొరికితే, లేత జామకాయ తింటే, వక్క నమిలితే నోరు పట్టేస్తుందే, అదే. మనం దాన్ని ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టాం. వైన్ పరిభాషలో దీనికి కారణమైన పదార్థం పేరు టానిన్. ద్రాక్ష తొక్కలో, గింజలో, తొడిమలో ఉంటుంది. లాలాజలానికి జారుడుగుణం ఇచ్చే ప్రొటీన్లను టానిన్ పట్టేసుకుంటుంది. జారుడు పోయి నోరు ఎండినట్టు, గరుకుగా అనిపిస్తుంది. కాబట్టి వగరు నాలుక మీది రుచి మాత్రమే కాదు, నోటికంతటికీ తగిలే స్పర్శ.

బరోలో వైన్‌ను నెబ్బియోలో అనే ఒకే ఒక్క ద్రాక్ష రకంతో చేయాలి. చట్టం అదే చెబుతుంది, నూటికి నూరు శాతం. ఆ పేరు ఇటాలియన్‌లో పొగమంచుకు వాడే "నెబ్బియా" నుంచి వచ్చిందని ఎక్కువమంది నమ్ముతారు. కోతకొచ్చే అక్టోబరు రోజుల్లో ఆ కొండల మధ్య లోయలన్నీ మంచుతో నిండిపోతాయి. ఈ ద్రాక్షతో వేగడం కష్టం. వసంతంలో అందరికంటే ముందు చిగురేస్తుంది కాబట్టి చలి దెబ్బ తినే ప్రమాదం. అందరికంటే ఆలస్యంగా పండుతుంది కాబట్టి శరదృతువు వానల భయం. అందుకే దక్షిణంగా ఎండకు తిరిగి ఉన్న వాలులనే దీనికి కేటాయిస్తారు. చలికాలంలో ఏ వాలు మీద మంచు ముందు కరుగుతుందో అక్కడ నెబ్బియోలో నాటమని ఆ ఊళ్ల పెద్దవాళ్లు చెప్పే లెక్క.

ఇంత కష్టపడి పండిస్తే అది ఇచ్చేది రంగు తక్కువ, వగరు ఎక్కువ, పులుపు ఇంకా ఎక్కువ. తొక్కలోని రంగు పదార్థాల్లో ఎక్కువ భాగం గాలి తగిలితే త్వరగా చెడిపోయే రకం. అందుకే ఆ ఇటుక రంగు. నేను మొదట్లో లోపం అనుకున్నది ఆ ద్రాక్ష పుట్టుకతో వచ్చిన గుణం.

అంటే బరోలో చేసేవాడి ముందు తరతరాలుగా ఉన్న ప్రశ్న ఒక్కటే. ఈ వగరును ఏం చేయాలి?

పాత పద్ధతి: ఊట, మునగడం, ఎదురుచూడటం

మస్కరెల్లో ఇంట్లో పాటించే పద్ధతి స్థూలంగా ఆ ప్రాంతపు పాత పద్ధతే. ద్రాక్షను సిమెంటు తొట్లలో పులియబెడతారు. ప్యాకెట్లలో కొన్న ఈస్ట్ వేయరు, ద్రాక్షతో పాటు వచ్చినదే పని చేస్తుంది. రసంలో తొక్కలు, గింజలు నెల రోజుల పాటు, కొన్నిసార్లు అంతకు మించి నానతాయి.

పచ్చళ్లు పెట్టే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇందులో సగం సంగతి చెప్పకుండానే తెలుసు. మాగాయ ముక్కలు ఉప్పులో ఊట దిగాలి. ఆవకాయ జాడీలో ముక్క మునిగేలా నూనె ఉండాలి, పైకి తేలిన ముక్కకు బూజు పడుతుంది. ద్రాక్ష తొట్టిలోనూ అదే గొడవ. పులిసేటప్పుడు పుట్టే గాలిబుడగలు తొక్కలను పైకి నెట్టి ఒక మందపాటి తెట్టులా కడతాయి. ఆ తెట్టు ఎండిందంటే వైన్ కాస్తా వెనిగర్ దారి పడుతుంది. అందుకే బరోలో ప్రాంతపు పాతకాలం మనుషులు రసం కింది నుంచి తీసి పైన పోస్తూ ఉండేవారు. పులియడం నెమ్మదించాక అడ్డంగా చెక్క పలకలు బిగించి తొక్కలను రసం అడుగునే ఉండేలా ఆపేవారు. వారాల తరబడి అవి అలా మునిగి ఉంటాయి.

ఇక్కడే వినేవాళ్లకు చిక్కుముడి. వగరు తొక్కల్లో, గింజల్లో ఉందంటున్నారు. మరి ఎక్కువ రోజులు నానబెడితే వగరు ఇంకా పెరగాలి కదా? మొదట పెరుగుతుంది. పులియడం మొదలైన తొలి రోజుల్లో రంగు దిగుతుంది, ఆల్కహాల్ పెరిగేకొద్దీ గింజల్లోని వగరు దిగుతుంది. కానీ అక్కడితో ఆగదు. వారాలు గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతోనూ ముడిపడి పెద్ద గొలుసుల్లా మారతాయి. కొంత తిరిగి తొక్కలకే అంటుకుంటుంది. చిన్నచిన్న ముక్కలుగా ఉన్నప్పుడు గీరుకున్న వగరు, కలిసి పెద్దదయ్యాక మెత్తబడి నోట్లో పరుచుకుంటుంది. మధ్యలో ఆపితే మిగిలేది మొరటుతనమే. ఓపిగ్గా చివరిదాకా వెళ్లినవాడికే ఆ నునుపు దక్కుతుంది.

ఆ తర్వాత పీపాలు. ఇక్కడ వాడేవి చాలా పెద్దవి. మనిషి నిలబడితే తల పైకి ఎత్తి చూడాల్సినంత. వేల లీటర్లు పడతాయి. వాటిని "బోత్తె" అంటారు. చెక్క స్లవోనియా నుంచి వస్తుంది. ఇది క్రొయేషియాలోని అడవుల ప్రాంతం, పేరు దగ్గరగా ఉండటం వల్ల స్లొవేనియా అనుకుని చాలామంది పొరబడతారు. ఈ పీపాలను దశాబ్దాల పాటు వాడతారు. అన్నేళ్లు వాడాక చెక్కకు సొంత వాసనంటూ మిగలదు. ఆ పీపా చేసే పని ఒక్కటే, చెక్క సందుల్లోంచి అతి కొద్దిగా, అతి నెమ్మదిగా గాలి అందనివ్వడం. ఆ గాలి తోడుగా వగరు ఇంకా మెత్తబడుతుంది.

చట్టం ప్రకారం బరోలో కోత ఏడాది నవంబరు 1 నుంచి లెక్కేసి కనీసం 38 నెలలు నిలవ ఉండాలి, అందులో కనీసం 18 నెలలు చెక్కలో. మస్కరెల్లో వైన్ చెక్కలో ఉండేది ఆ కనీసం కంటే ఎక్కువే. పైగా సీసాలోకి వెళ్లాక కూడా తయారైపోయినట్టు కాదు. మంచి ఏడాది సీసాను కొని పది, పదిహేను, ఇరవై ఏళ్లు అట్టే పెడతారు.

చిన్న పీపా ఎందుకు వచ్చింది?

ఇప్పుడు బారిక్ దగ్గరికి వద్దాం. ఒక లెక్క చూడండి. పీపా చిన్నదయ్యేకొద్దీ లోపలి వైన్‌లో ప్రతి లీటరుకూ తగిలే చెక్క పెరుగుతుంది. ఒకే ఆకారంలో ఉన్న 3,000 లీటర్ల పీపాతో పోలిస్తే 225 లీటర్ల పీపాలో లీటరుకు రెండు రెట్లకు పైగా చెక్క తగులుతుంది. అది కొత్త ఫ్రెంచి ఓక్ అయితే వనిల్లా వాసన, కాల్చిన చెక్క వాసన, చెక్కలోని తీపి ఛాయ అన్నీ వైన్‌లోకి దిగుతాయి. రంగు నిలబడుతుంది, వైన్ త్వరగా మెత్తబడుతుంది. దీనికి తోడు తొక్కలను వారాల తరబడి నానబెట్టకుండా, గుండ్రంగా తిరిగే యంత్రాల్లో నాలుగైదు రోజుల్లో రంగు లాగేసి తీసేస్తే గింజల వగరు పెద్దగా దిగదు. పదేళ్లు ఆగక్కర్లేదు, కొన్న వెంటనే తాగొచ్చు.

ఇది మోసం కాదు. ఆ కొత్తదారి పట్టినవాళ్ల బాధ తెలిస్తే వాళ్ల మీద కోపం రాదు.

లాంగే అని పిలిచే ఈ కొండలు ఒకప్పుడు పేదవాళ్లవి. వ్యవసాయదారుడు చిన్న కమతంలో ద్రాక్ష పండించి, ఆల్బా సంతకు బండి తోలుకెళ్లి, దళారి చెప్పిన ధరకు అమ్ముకుని వచ్చేవాడు. సీసా మీద పేరు పెద్ద వ్యాపారిది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆల్బాలో 1946లో ఫెర్రెరో మిఠాయి కంపెనీ మొదలైంది, తర్వాతి కాలంలో నుటెల్లాతో ప్రపంచమంతా తెలిసిన కంపెనీ అదే. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం కళ్లెదుట ఉంటే కొండ మీద కాలం గడపడానికి కుర్రాళ్లు ఎందుకుంటారు? ఊళ్లు ఖాళీ అయ్యాయి. మిగిలినవాళ్ల నేలమాళిగల్లో పీపాలు పాతబడ్డాయి. డబ్బు లేక మార్చలేదు, శుభ్రం సరిగ్గా లేదు. వాటిలోంచి వచ్చిన వైన్ చాలాసార్లు నిజంగానే బాగుండేది కాదు. "పాత పద్ధతి" పేరు మీద చెడ్డ వైన్ కూడా అమ్ముడైందన్నది ఒప్పుకోవాలి.

లా మొర్ర అనే పక్క ఊరి కుర్రాడు ఎలియో అల్తారె 1970లలో ఫ్రాన్స్‌లోని బుర్గుండీకి వెళ్లి చూశాడు. అక్కడా చిన్న రైతులే, చిన్న తోటలే. కానీ గౌరవంగా బతుకుతున్నారు. తిరిగొచ్చి కొత్త పద్ధతులు తెస్తానంటే తండ్రి ససేమిరా అన్నాడు. 1983లో కొడుకు రంపపు యంత్రం తీసుకుని తండ్రి గారి పాత పీపాలను ముక్కలు కోసేశాడు. తండ్రి అతనికి ఆస్తి రాయలేదు. ఈ సంఘటన తలుచుకున్నప్పుడల్లా నాకు ఇద్దరి మీదా జాలి కలుగుతుంది. ఒకరు కోస్తున్నది పేదరికాన్ని, ఇంకొకరికి కనిపిస్తున్నది తన తండ్రి, తాతల చేతిపని.

1986లో ఇంకో దెబ్బ తగిలింది. ఇటలీలో చౌక వైన్‌లో మిథనాల్ కలిపినందుకు 20 మందికి పైగా చనిపోయారు. కల్తీ సారా తాగి ఊళ్లలో మనుషులు పోయిన వార్తలు చదివిన మనకు మిథనాల్ సంగతి వివరించక్కర్లేదు. ఆ దుర్ఘటన మూలాలు పియెమోంతెలోనే తేలాయి. నిజాయితీగా బతికే చిన్న తయారీదారులూ అనుమానం పాలయ్యారు. ఎవరు, ఎక్కడ, ఎలా చేశారో చెప్పగలిగిన సీసాకే ఇక మీదట విలువ అని అందరికీ అర్థమైంది. ఆ సమయానికి బారిక్‌లో చేసిన, ముదురు రంగు, మెత్తటి బరోలోను అమెరికా విమర్శకులు మెచ్చుకోవడం మొదలుపెట్టారు. మార్కులు వచ్చాయి, ధరలు పెరిగాయి, ఊళ్లకు ప్రాణం వచ్చింది.

బార్తొలో మస్కరెల్లో ఇవన్నీ చూస్తూ తన దారి మార్చుకోలేదు. ఆయన అభ్యంతరాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. బారిక్ వాసన ఎక్కడి వైన్‌కైనా ఒకేలా అంటుతుంది. ఆస్ట్రేలియాలో చేసినా, కాలిఫోర్నియాలో చేసినా, బరోలోలో చేసినా అదే వనిల్లా. ఒక కొండ వాలుకు, ఒక ద్రాక్షకు మాత్రమే సొంతమైన గులాబీ, తారు దాని కింద పడిపోతాయి. ప్రతి ఇంట్లో ఒకే టీవీ కార్యక్రమం నడవడం, ప్రతి గ్లాసులో ఒకే రుచి ఉండటం ఆయనకు ఒకే జబ్బులా కనిపించి ఉండాలి. అలా చూస్తే ఆ కాగితం మీద రెండు పేర్లూ పక్కపక్కన ఎందుకున్నాయో బోధపడుతుంది.

అయితే ఒక నిజం కూడా చెప్పాలి. బారిక్ వాడినవాళ్లు తెచ్చిన పేరు, డబ్బు లేకపోతే బరోలో అనే మాట ఇంత దూరం వెళ్లేది కాదు. మస్కరెల్లో సీసాకు దూరదేశాల్లో ఎదురుచూసేవాళ్లు పుట్టేవాళ్లు కాదు. పాతవాళ్లు కూడా శుభ్రత, తోట పని మీద శ్రద్ధ వాళ్ల నుంచి నేర్చుకున్నారు. కొత్తవాళ్లలో ఎంతోమంది నెమ్మదిగా పెద్ద పీపాల వైపు, ఎక్కువ రోజుల నానబెట్టడం వైపు తిరిగొచ్చారు. ఆ పాత రెండు శిబిరాలుగా ఈనాటి బరోలోను విడగొట్టి చూపించడం ఇప్పుడు కుదరదు.

నాలుగు తోటలు, ఒకే సీసా

పీపా గొడవ అందరికీ తెలిసింది. నాకు మాత్రం ఈ ఇంటి అసలు పట్టుదల ఇంకో చోట కనిపిస్తుంది. దాని గురించి తక్కువ మాట్లాడతారు.

బార్తొలో తండ్రి జూలియో మస్కరెల్లో మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక సొంతంగా వైన్ మొదలుపెట్టారు. ద్రాక్షను వ్యాపారులకు అమ్ముకునే రైతుల ప్రాంతంలో, సొంత పేరుతో సీసా అమ్మడం అప్పట్లో సాహసమే. క్రమంగా నాలుగు చోట్ల చిన్న చిన్న నేల చెక్కలు కొన్నారు. బరోలో ఊరి పరిధిలో కన్నూబి, సాన్ లొరెంజో, రుయే. పక్కనే లా మొర్ర పరిధిలో రొక్కె. ఈ నాలుగు తోటల నెబ్బియోలోను కలిపి ఒకే ఒక్క బరోలో చేశారు. కొడుకు అలాగే చేశారు. మనవరాలు మరియా తెరెసా అలాగే చేస్తున్నారు.

ఈ కలపడం పూర్వం అందరూ చేసిందే. ఒక కొండ వాలు ద్రాక్ష సువాసన ఇస్తుంది, ఇంకోటి బిగువునిస్తుంది, మరోటి పులుపు నిలబెడుతుంది. లా మొర్ర, బరోలో వైపు నేల నీలి ఛాయ ఉన్న బంకసున్నపు మట్టి, అక్కడి వైన్ కాస్త మృదువు. సెర్రలుంగ, మొన్‌ఫోర్తె ఊళ్ల వైపు నేల ఇంకా పాతది, వైన్ గట్టిది. ఒకే ఊరి పక్కపక్క తోటల్లోనూ తేడా ఉంటుంది. ఒంటి తోటలో లేని సమతూకం కలిపితే వస్తుందన్నది పాతవాళ్ల నమ్మకం. దానికి ఇంకో కారణం రైతుకు బాగా తెలుసు, వడగళ్లు. ఒక వాలును తుడిచిపెట్టేసిన వడగళ్లవాన అర కిలోమీటరు అవతల ఒక్క ఆకును కూడా తాకకపోవచ్చు. నేల చెక్కలన్నీ ఒకేచోట లేకపోవడం రైతుకు ఒక భరోసా. 2002లో బరోలో ఊరి చుట్టూ వడగళ్లు చేసిన నష్టం అక్కడి రైతులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మార్కెట్ మాత్రం ఎదురు దారిలో నడిచింది. 1961 పంట నుంచి ఒకే తోట పేరు పెట్టి బరోలో సీసా అమ్మడం మొదలైంది. ప్రూనొత్తో అనే వైనరీ వాళ్ల బుస్సియా, వియెత్తి అనే వైనరీ వాళ్ల రొక్కె (పైన చెప్పిన రొక్కె కాదు, అదే పేరున్న ఇంకో తోట) ఆ తొలి సీసాలు. తర్వాత అది వరదలా వచ్చింది. 2010లో ప్రభుత్వం బరోలో పరిధిలోని తోటల పేర్లకు, సరిహద్దులకు అధికారిక జాబితా ఖరారు చేసింది. 181 పేర్లు, వాటిలో 11 ఊళ్ల పేర్లు. ఒక తోట పేరు సీసా మీద వేస్తే అందులో ముఖ్య భాగం ఆ తోటదే ఉండాలి. పేరున్న తోటైతే ధర ఎక్కువ. కొనేవాళ్లకూ అదే కావాలి, "ఇది ఫలానా కొండది" అని చెప్పుకోవడంలో ఒక సంతృప్తి ఉంది.

ఆ పేర్లన్నిటిలోకి కన్నూబి గొప్పది. కన్నూబి అని, 1752 అని రాసి ఉన్న ఒక పాత సీసా ఆ ప్రాంతంలో ఒక కుటుంబం దగ్గర భద్రంగా ఉంది. బరోలో అన్న పేరు సీసాలకు ఎక్కకముందే ఆ కొండ పేరు ఎక్కిందన్నమాట. ఆ పేరు విలువ ఎంతంటే, దాన్ని చుట్టుపక్కల తోటలకూ వాడుకోనివ్వాలా లేదా అన్న దాని మీద ఊళ్లో కోర్టు కేసు నడిచింది. నడిమధ్య కొండను మాత్రమే కన్నూబి అనాలన్నది ఒక వర్గం, పక్కనున్న సాన్ లొరెంజో లాంటి వాటినీ కన్నూబి అనొచ్చన్నది ఇంకో వర్గం. 2012లో ఒక కోర్టు మొదటి వర్గం వైపు, 2013లో పై కోర్టు రెండో వర్గం వైపు తీర్పిచ్చాయి.

మరియా తెరెసా మస్కరెల్లో మొదటి వర్గంలో ఉన్నారు. ఆమెకు కన్నూబిలోనూ, సాన్ లొరెంజోలోనూ నేల చెక్కలున్నాయి. రెండిటినీ కన్నూబి అనగలిగితే లాభపడేవాళ్లలో తనూ ఒకరు. అయినా వద్దన్నారు. పైగా ఆమె తన బరోలోను తోట పేరు పెట్టి అమ్మరు. తనకు దక్కే పేరును తను వాడుకోకుండా, ఆ పేరు పలచబడకుండా మాత్రం కోర్టుకెక్కడం! బారిక్ మీద తండ్రి చూపిన పట్టుదల కంటే ఇది నాకు పెద్దదిగా అనిపిస్తుంది.

తక్కువెందుకు, అంత ధరెందుకు?

ఈ ఇంటి తోటలన్నీ కలిపితే దాదాపు 5 హెక్టార్లు, అంటే 12 ఎకరాల పైచిలుకు. ఏడాదికి అన్ని రకాలూ కలిపి 30,000 సీసాల చుట్టూ. బరోలో కాక దొల్చెత్తో, బర్బెరా, ఫ్రెయిజా లాంటి రోజువారీ వైన్లూ అందులోనే ఉన్నాయి. బరోలో ప్రాంతమంతా కలిపి ఏటా కోటి సీసాలు దాటుతుందని గుర్తుపెట్టుకుంటే ఈ ఇంటి వాటా ఎంతో తెలుస్తుంది.

పెంచొచ్చు కదా అంటే, నేల దొరకదు. బరోలో తోట హెక్టారు ధర పది లక్షల యూరోలు ఎప్పుడో దాటేసింది, పేరున్న వాలులైతే చెప్పక్కర్లేదు. ద్రాక్ష అమ్ముకుని ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం ఒక తరంలో అయ్యే పని కాదు. కొనగలిగేది బయటి డబ్బున్నవాళ్లే. 1961 నాటి ఆ తొలి సీసాల్లో ఒకటి చేసిన వియెత్తి ఇంటివాళ్లు 2016లో తమ వైనరీని అమెరికాలోని అయోవా రాష్ట్రపు వ్యాపారికి అమ్మేశారు. తప్పు పట్టలేం. వారసులు నలుగురుంటే, అందులో ఇద్దరికి వైన్ మీద మనసు లేకపోతే, ఇంత విలువైన భూమిని పంచుకోవడం ఎలా? మన దగ్గర ఊరి పక్క పొలాల ధర పెరిగాక అన్నదమ్ముల మధ్య ఏం జరుగుతుందో చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కుటుంబ వైనరీలకు అసలు గండం పీపా దగ్గర కాదు, పంపకాల దగ్గర ఉంది.

2005లో బార్తొలో పోయాక ఏమవుతుందోనన్న బెంగ ఆ వైన్ ఇష్టపడేవాళ్లలో ఉండేది. అప్పటికి పన్నెండేళ్లుగా తండ్రి పక్కన పని చేస్తున్న కూతురు ఉన్నారు కాబట్టి ఆగలేదు.

ధర సంగతి. వైనరీ గుమ్మంలో అమ్మే ధరకూ, న్యూయార్క్‌లోనో లండన్‌లోనో చేతులు మారాక పలికే ధరకూ పోలికే ఉండదు. మధ్యలో పెరిగేదంతా సీసాలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ కావడం వల్ల. తయారుచేసినవాళ్ల జేబులోకి అది వెళ్లదు. హైదరాబాద్‌లో, విజయవాడలో ఇలాంటి సీసా దొరకడం చాలా అరుదు. దిగుమతి వైన్ మీద మన దేశం ఏళ్ల తరబడి 150 శాతం సుంకం వేసింది. దాని మీద రాష్ట్రాల పన్నులు, ప్రభుత్వ కార్పొరేషన్ల ద్వారానే సాగే టోకు అమ్మకం. ఏడాదికి నాలుగు డబ్బాలు వచ్చే సరుకు కోసం అంత తతంగం ఎవరూ పెట్టుకోరు. అమెరికాలో, ఐరోపాలో ఉన్న తెలుగువాళ్లకే అది ఎదురుపడే అవకాశం ఎక్కువ.

ఎదురుపడితే ముందు పేరు పూర్తిగా చదవండి. మస్కరెల్లో ఇంటిపేరుతోనే పేరుపడ్డ వైనరీ ఇంకోటి ఉంది, జుసెప్పె మస్కరెల్లో. వాళ్ల గొప్ప వైన్ మొన్‌ప్రివాతో అనే ఒకే తోటది. అదీ మంచిదే, కానీ ఈ ఇంటిది కాదు. కొత్త ఏడాది సీసా కొంటే తెరవాలన్న తొందర వద్దు. తెరిచి తీరాలంటే కొన్ని గంటల ముందే బిరడా తీసి, వెడల్పాటి పాత్రలోకి వంచి ఉంచండి. పాత సీసా అయితే ముందు రోజే నిలబెట్టి పెట్టండి, మడ్డి అడుగుకు దిగుతుంది. ఖాళీ కడుపుతో వద్దు. వగరుకు విరుగుడు కొవ్వు, ప్రొటీన్. ఆ ఊళ్లో దీన్ని గంటల తరబడి వైన్‌లోనే ఉడికించిన గొడ్డుమాంసంతో, ముదిరిన చీజ్‌తో తాగుతారు. మా స్నేహితుడు ఆ రోజు సన్నమంట మీద మగ్గబెట్టిన వేటమాంసం పెట్టాడు, కారం బాగా తగ్గించి. ఎక్కువ కారం ఉంటే ఆ వగరు ఇంకా మండుతుంది.

మూడో గ్లాసుకు వచ్చేసరికి దాదాపు రెండు గంటలు గడిచాయి. మొదట నోరు పట్టేసిన అదే వైన్ అప్పుడు చిగుళ్ల మీద పట్టుగుడ్డలా జారింది. రంగు మాత్రం అదే, గ్లాసు వెనక వేలు కనిపిస్తూనే ఉంది. సీసా చేతిలోకి తీసుకుని కాగితం చూశాను. బరోలో అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది. కన్నూబి పేరు పెద్ద అక్షరాల్లో ఎక్కడా లేదు.